ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చిందా? లారీ మాట్లాడే ముందు ఇది చదవండి

మాది ఒడిశాలో రాయగడ. ఉద్యోగం బరంపురంలో, ఒక సెంట్రల్ ఆఫీసులో బిల్లుల సీటు. ఏప్రిల్, మే వచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నయ్యా, నన్ను భువనేశ్వర్ పంపీసేరు, లారీకి ఎంతిస్తారు" అని ఒకరు, "బాబాయ్, మా ఆవిడ గుణుపురంలో టీచరు, నన్నేమో హైదరాబాద్ వేసేరు, ఎలాగ" అని ఇంకొకరు. ఒక్కొక్కరికీ అరగంట చెప్పేకన్నా ఒకసారి కూర్చుని రాసేస్తే అందరికీ పనికొస్తుంది కదా అని రాస్తున్నాను.

ముందే ఒక మాట, ఇది సెంట్రల్ గవర్నమెంట్ సివిలియన్ ఉద్యోగులకి. ఒడిశా స్టేట్ వాళ్లకీ ఆంధ్రా స్టేట్ వాళ్లకీ రూల్స్ వేరు. రైల్వే వాళ్లకి పాసుల లెక్క వేరే ఉంటుంది. 2025 జనవరి 6న రాయగడ డివిజన్‌కి శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి మా ఊళ్లో ఏ రైల్వే ఇంటికెళ్లినా ఇదే గొడవ, విశాఖలో ఉంచుతారా ఇటు పంపుతారా అని. వాళ్లు ఇక్కడ చదివింది పట్టుకుని లెక్కలు వేసుకోకండి, మీ పర్సనల్ బ్రాంచ్‌లో అడగండి.

నేను ఈ సీట్లో చూసిన దాంట్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లంతా తారీఖుల దగ్గరా కాగితాల దగ్గరే పోగొట్టుకున్నారు. రూల్ ప్రకారం రావలసింది బాగానే వస్తుంది. కానీ 2017 నుంచి చాలా మారాయి, మనవాళ్లు మాత్రం ఎప్పుడో రిటైరైపోయిన సీనియర్ గారు చెప్పిన మాటనే ఇంకా పట్టుకుని వెళ్తున్నారు, అక్కడే దెబ్బ తింటున్నారు.

సరే, ఆర్డర్ చేతికొచ్చాక మొట్టమొదట చూడాల్సింది ఏ ఊరు వేశారని కాదు. ఆ ట్రాన్స్‌ఫర్ పబ్లిక్ ఇంట్రెస్ట్‌లో (అంటే ఆఫీసు అవసరం కోసం) వేశారా, మీ సొంత రిక్వెస్ట్ మీద వేశారా, ఆ ఒక్క లైన్ చూడండి. సొంత రిక్వెస్ట్ అని రాశారంటే టీఏ (ప్రయాణ భత్యం) రాదు, జాయినింగ్ టైమ్ (కొత్త చోట చేరడానికి ఇచ్చే రోజులు) కూడా రాదు, లారీ ఖర్చూ టికెట్లూ మొత్తం మీ జేబులోంచే. మన సరిహద్దు ఊళ్లలో ఇది ఎక్కువ జరుగుతుంది ఎందుకంటే అమ్మానాన్నా పలాసలోనో పార్వతీపురంలోనో ఉంటారు, వాళ్లకి ఒంట్లో బాగోదు, మనం ఒక అప్లికేషన్ పడేస్తాం అటువైపు వెయ్యండి బాబూ అని, అది సాంక్షన్ అవుతుంది, సంతోషంగా సామాన్లు సర్దుకుంటాం, బిల్లు పెట్టాక తెలుస్తుంది పైసా రాదని. అమ్మానాన్న దగ్గరికి వెళ్లడం తప్పని నేననను, ఆ అవసరం ముందు ఈ డబ్బు ఎంత. కానీ తెలిసి వెళ్లండి. ఇంకోటి, టెన్యూర్ అయిపోయి ఆఫీసే మిమ్మల్ని కదుపుతూ ఆప్షన్లు ఇమ్మంటే ఇవ్వండి, ఇచ్చాక ఆర్డర్‌లో ఏం రాశారో మాత్రం చూసుకోండి. ఏమీ రాయకపోతే రిలీవ్ అవ్వకముందే ఒక కాగితం పెట్టి క్లియర్ చేయించుకోండి. రిలీవ్ అయి వెళ్లిపోయాక పాత ఆఫీసులో మీ మాట వినేవాళ్లు తక్కువ.

ఆర్డర్ ఆపించుకోవాలని ఎంపీ గారి లెటర్ కోసం తిరగడం ఒకటి ఉంది మన దగ్గర. దయచేసి వద్దు. 1964 నాటి కాండక్ట్ రూల్స్‌లో 20వ రూల్ ప్రకారం సర్వీసు విషయంలో బయటి ఒత్తిడి తేవడమే తప్పు, ఆ లెటర్ ఫైల్లో చేరితే మీకే చుట్టుకుంటుంది. దాని బదులు మీకు న్యాయంగా ఉన్న దారులు వాడుకోండి. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఒకే ఊళ్లో వెయ్యాలని 2009 సెప్టెంబర్ 30న డీఓపీటీ (సెంట్రల్ ఉద్యోగుల వ్యవహారాలు చూసే శాఖ) ఆర్డర్ ఉంది, ఒకరు సెంట్రల్ ఒకరు స్టేట్ అయినా ఆ ఆర్డర్ చూపించి అడగొచ్చు. మన గుణుపురం టీచరమ్మ గారి ఆయనకి నేను చెప్పింది అదే, మ్యారేజ్ సర్టిఫికెట్టూ ఆవిడ హెడ్మాస్టర్ ఇచ్చిన సర్వీస్ సర్టిఫికెట్టూ జత చేసి ఆ ఆర్డర్ తారీఖు రాసి రిప్రజెంటేషన్ పెట్టమని. పోస్టు ఖాళీ ఉండాలి, అందరికీ అయిపోతుందని నేను చెప్పను, కానీ అడగడానికి హక్కున్న కాగితం అది. ఇంట్లో వికలాంగులైన పిల్లలుంటే, వాళ్లని చూసుకునేది మీరే అయితే, రొటీన్ ట్రాన్స్‌ఫర్ నుంచి మినహాయింపు అడగొచ్చని 2014లో ఆర్డర్ ఇచ్చారు, 2018లో దాన్ని పిల్లలే కాకుండా మీమీద ఆధారపడిన మిగతా కుటుంబ సభ్యులకి కూడా పెంచారు. ఇది తెలియక ఎంతమంది ఆ పిల్లల్ని ఫిజియోథెరపీ దొరకని ఊళ్లకి మోసుకెళ్లారో తలుచుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది. తెలిసినవాళ్లకి చెప్పండి.

ఇప్పుడు డబ్బు. 2017 జూలై 13న ఫైనాన్స్ మినిస్ట్రీ ఇచ్చిన ఆర్డరే ఇప్పుడు మనకి ఆధారం. అందులో మొదటిది కాంపోజిట్ ట్రాన్స్‌ఫర్ గ్రాంట్, మనం సీటీజీ అంటాం. ఆఖరి నెల బేసిక్‌లో 80 శాతం. బేసిక్ మీదే, డీఏ (కరువు భత్యం) కలపరు. అంటే బేసిక్ 25,500 ఉన్నవాళ్లకి 20,400, బేసిక్ 44,900 ఉన్నవాళ్లకి 35,920. దీనికి రసీదులేం అడగరు, అట్టపెట్టెలకీ కూలీలకీ ఇంటినుంచి స్టేషన్‌కి ఆటోకీ అన్నింటికీ కలిపే ఇది, కాబట్టి ప్యాకింగ్ బిల్లు వేరేగా పెట్టకండి, కొట్టేస్తారు. ఒకే సిటీలో గానీ 20 కిలోమీటర్ల లోపు గానీ ట్రాన్స్‌ఫరై ఇల్లు నిజంగా మారితే ఇందులో మూడో వంతు వస్తుంది. ఇల్లు మారకపోతే ఏమీ రాదు.

రెండోది సామాన్ల ఖర్చు, గొడవలన్నీ ఇక్కడే. పే లెవెల్ (జీతం స్థాయి) 6, ఆ పైన ఉన్నవాళ్లకి 6,000 కిలోలు, లెవెల్ 5కి 3,000, లెవెల్ 4, ఆ కింద 1,500 కిలోలు. రోడ్డు మీద తీసుకెళ్తే కిలోమీటరుకి వరసగా 50, 25, 15 రూపాయలు. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే డీఏ 50 శాతం తాకినప్పుడు ఈ రేటు 25 శాతం పెరుగుతుందని అదే ఆర్డర్‌లో రాసి ఉంది, 2024 జనవరి 1 నుంచి డీఏ 50కి చేరింది. అంటే ఇప్పుడు కిలోమీటరుకి 62 రూపాయల 50 పైసలు, 31 రూపాయల 25 పైసలు, 18 రూపాయల 75 పైసలు. బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు అనుకుందాం, లెవెల్ 6 ఆయనకి పాత రేటైతే 8,500, కొత్త రేటైతే 10,625. ఇప్పటికీ 50 వేసి బిల్లు తెచ్చేవాళ్లున్నారు, తక్కువ అడిగితే ఎక్కువ ఇవ్వాలని ఎవరూ పట్టుబట్టరు కదా. లెవెల్ 4 వాళ్లకి మాత్రం 170 కిలోమీటర్లకి మూడు వేల రెండొందల లోపే వస్తుంది, ఆ డబ్బుకి లారీ ఎవడూ రాడు, చిన్న ట్రాలీ బండి కూడా కష్టమే. కింది స్థాయి వాళ్లకి ఇది అన్యాయమని నాకెప్పుడూ అనిపిస్తుంది, బీరువా ఎవరిదైనా బీరువానే, మంచం ఎవరిదైనా మంచమే. వాళ్లు సీటీజీలోంచి సర్దుకోవాల్సిందే, అందుకే సీటీజీ డబ్బుని ముందే వేరే అప్పుకి కట్టేయకండి.

ఈ రేటు ఊరికే చేతిలో పెట్టరు. మీరు నిజంగా ఇచ్చిందెంత, రేటు ప్రకారం వచ్చేదెంత, రెండిట్లో ఏది తక్కువైతే అది. నిజంగా ఇచ్చారని చూపించడానికి బిల్టీ, అంటే లారీ ఏజెన్సీ ఇచ్చే సరుకు రసీదు, కావాలి.

బిల్టీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. రెండేళ్ల కిందట పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక కుర్రాడు బిల్లు పెట్టాడు, దాంతో ఒక గులాబీ రంగు పల్చటి కార్బన్ కాగితం, నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడట, ఆషాఢంలో వాన, తడిసింది, ఆరబెట్టాడు. మడతల దగ్గర చిరుగులు, లారీ నంబర్‌లో ఆఖరి రెండు అంకెలు లేవు, తారీఖు 3నో 8నో ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూసినా తెలియలేదు, మొత్తం ఎంతో మాత్రం కనబడుతోంది. ఆ కాగితం మీద నేనెలా పాస్ చేస్తాను, ఆడిట్ వచ్చి అడిగితే ఏం చెప్తాను. "నాన్నా, మళ్లీ ఆ ట్రాన్స్‌పోర్ట్ ఆయన దగ్గరికెళ్లి డూప్లికేట్ మీద సంతకం, స్టాంపు వేయించుకురా" అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు, కానీ వెళ్లాడు, తెచ్చాడు, వచ్చింది. అతని అదృష్టం, ఆ ఆఫీసు పుస్తకంలో కౌంటర్ కాపీ ఉంది. మీరు మాత్రం లారీ ఎక్కించే రోజే చూసుకోండి. బిల్టీ మీద మీ పేరు, ఏ ఊరు నుంచి ఏ ఊరికి, తారీఖు, లారీ నంబరు, బరువు, ఇచ్చిన డబ్బు, ఏజెన్సీ స్టాంపు, ఇవన్నీ ఉండాలి. తెల్లకాగితం మీద డ్రైవర్ సంతకం పెట్టిచ్చింది నడవదు. ఇంటి దగ్గరే ఫోన్‌తో ఫొటో తీసుకోండి, డబ్బు వీలైతే యూపీఐలో ఇవ్వండి, ఆ ఎంట్రీ కూడా జత చేయొచ్చు. బరువు రాయించేటప్పుడు కూడా చూసుకోండి, మీ లిమిట్ 1,500 కిలోలైతే అంతకు మించి రాస్తే ఆ పైదానికి ఇవ్వరు. అమ్మ రుబ్బురోలు వదలనంటే తీసుకెళ్లండి, ఏం పరవాలేదు, ఒక మామూలు ఇంటి సామాను 1,500 దాటడం తక్కువే.

బండి కూడా పంపుకోవచ్చు. లెవెల్ 6, ఆ పైన కారు గానీ టూవీలర్ గానీ ఒకటి, లెవెల్ 5, ఆ కింద ఒక టూవీలర్. టికెట్లకొస్తే లెవెల్ 6 నుంచి 11 దాకా ఎకానమీ ఫ్లైట్ లేదా ఏసీ టూటైర్, లెవెల్ 5, కింద ఏసీ త్రీటైర్. మనవాళ్లలో ఫ్లైట్ అర్హత ఉన్నవాళ్లు విశాఖ వెళ్లి ఎక్కుతుంటారు, వాళ్లకి ఒకటే మాట, టికెట్ ఐఆర్‌సీటీసీ, బాల్మర్ లారీ, అశోక్ ట్రావెల్స్ ఈ మూడు ప్రభుత్వ కంపెనీల్లోనే కొనండి. పక్కింటి కుర్రాడు ఏదో యాప్‌లో మూడొందలు తక్కువకి తీసిచ్చాడని తీసుకుంటే మొత్తం పోతుంది.

ఇక తారీఖు. నా సొంత దెబ్బ ఇదే.

2018 జూన్‌లో నన్ను రాయగడ నుంచి బరంపురం వేశారు. అప్పుడు నేను వేరే సెక్షన్‌లో, బిల్లుల సంగతి తెలియదు. సీటీజీకి అడ్వాన్స్ తీసుకున్నాను, లారీ వేసుకుని వచ్చేశాను, పిల్లల స్కూలు, నాన్న కంటి ఆపరేషన్, వానలు, ఇల్లు కారడం, ఆ హడావుడిలో బిల్లు పెట్టడం వాయిదా వేస్తూ వచ్చాను. ఏడాది టైమ్ ఉంటుంది కదా, మా సీనియర్ అదే చెప్పారు, అప్పటిదాకా అదే రూలు కూడాను. నవంబర్‌లో పెట్టాను. వెనక్కి వచ్చింది. 2018 మార్చి 13న ఆ ఏడాదిని 60 రోజులకి తగ్గించేశారట, నేను బయల్దేరడానికి మూడు నెలల ముందే. ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు, సర్క్యులర్ ఎక్కడో ఫైల్లో పడుంది. లారీ డబ్బు పోయింది, అడ్వాన్స్ తీసుకున్న సీటీజీ జీతంలోంచి నెలనెలా పట్టుకున్నారు. ఎన్ని అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. మా ఆవిడ ఆ ఏడాది పెద్దాడి కాలేజీ ఫీజుకి గాజులు కుదువ పెట్టింది. ఈ బిల్లుల సీటు నేను అడిగి మరీ తీసుకున్నది ఆ తర్వాతే.

కాబట్టి 60 రోజులు. ప్రయాణం పూర్తయిన మర్నాటి నుంచి లెక్క. క్యాలెండర్ మీద ఎర్రపెన్నుతో గుండ్రం చుట్టండి, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉంచండి. కుటుంబం తర్వాత వస్తే కంగారు పడక్కర్లేదు, వాళ్లు మీకన్నా నెల ముందు వెళ్లొచ్చు, మీ తర్వాత ఆరు నెలల లోపు రావొచ్చు, వాళ్ల ప్రయాణానికి 60 రోజులు వేరేగా లెక్కవుతాయి. కానీ మీ సొంత ప్రయాణం బిల్లు వాళ్ల కోసం ఆపకండి, అలా వాయిదా వెయ్యడమే నేను చేసిన తప్పు. మీది ముందు పెట్టెయ్యండి, వాళ్లది వాళ్లొచ్చాక పెట్టండి. బిల్లు ఇచ్చేటప్పుడు డైరీ నంబర్ వేయించుకోండి, డీలింగ్ క్లర్క్ చేతిలో పెట్టి వచ్చేస్తే అది ఇచ్చినట్టు కాదు.

జాయినింగ్ టైమ్ విషయానికొస్తే వెయ్యి కిలోమీటర్ల లోపు 10 రోజులు, వెయ్యి దాటితే 12, రెండువేలు దాటితే 15, విమానంలో వెళ్తే మాత్రం 12 మించదు. మన చుట్టుపక్కల ట్రాన్స్‌ఫర్లన్నీ దాదాపు 10 రోజుల కిందే వస్తాయి, ఒకే ఊళ్లో ఇల్లు మారకుండా ఆఫీసు మారితే ఒక్కరోజే. చాలామంది కొత్త ఆఫీసర్ తొందరపెట్టాడని నాలుగోరోజే జాయినైపోతారు, మిగిలిన రోజులు గాల్లో కలిసిపోయాయనుకుంటారు, అలా కాదు. ఆఫీసు రమ్మంటే వెళ్లినా, కుటుంబాన్ని వదిలి ముందు ఒక్కరే వెళ్లి జాయినైనా, వాడుకోని రోజులు మీ ఎర్న్‌డ్ లీవు, అంటే ఈఎల్‌లో వేస్తారు, 300 రోజుల పరిమితికి లోబడి. కానీ మీరు రాసివ్వాలి. జాయినైన వారంలోనే ఒక చిన్న అప్లికేషన్ రాసి సర్వీస్ బుక్‌లో ఎంట్రీ అయిందో లేదో కళ్లతో చూడండి.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ సెంట్రల్‌లోనే ఉండి ఒకే ఊరు నుంచి ఒకే ఊరికి వెళ్తుంటే ఒక మెలిక ఉంది. రెండు ట్రాన్స్‌ఫర్లూ 60 రోజుల లోపు వస్తే వెనకాల వెళ్లేవాళ్లకి సీటీజీ లేదు, 60 రోజులు దాటి ఆరు నెలల లోపైతే సగం వస్తుంది, ఆరు నెలలు దాటితే ఎవరిది వాళ్లకి పూర్తిగా. ఇద్దరికీ 80 శాతం వస్తుందని ముందే ఫ్రిజ్ బుక్ చేసేసుకున్న జంటని చూశాను, పాపం.

హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మారుతుంది, అది ఎల్పీసీ (పాత ఆఫీసు ఇచ్చే ఆఖరి జీతం సర్టిఫికెట్) చేరాక చూసుకోండి. బరంపురం, రాయగడ, కోరాపుట్ అన్నీ జడ్ క్లాసు ఊళ్లు, ఇప్పుడు బేసిక్‌లో 10 శాతం. భువనేశ్వర్, విశాఖ వై, 20 శాతం. హైదరాబాద్ ఎక్స్, 30 శాతం. బేసిక్ 44,900 ఆయన ఇక్కణ్నుంచి భువనేశ్వర్ వెళ్తే 4,490 కాస్తా 8,980 అవుతుంది, అక్కడి అద్దెలకి అదీ చాలదనుకోండి.

పిల్లల చదువు మన సరిహద్దు వాళ్లకి అన్నిటికన్నా పెద్ద బెంగ. ఇక్కడ తెలుగో ఒడియానో చదివిన పిల్ల అక్కడికెళ్లి ఇంకో భాషలో మొదలుపెట్టాలి. అందుకే కేవీ (కేంద్రీయ విద్యాలయం) కోసం చూస్తారు, సెంట్రల్ ఉద్యోగుల పిల్లలకి అక్కడ మొదటి కేటగిరీ. ఆ కేటగిరీలో గత 7 ఏళ్లలో మీకు ఎన్ని ట్రాన్స్‌ఫర్లయ్యాయో చూస్తారు, కనీసం 20 కిలోమీటర్ల దూరం, పాత చోట కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి. అంటే మీ పాత ఆర్డర్ కాపీలన్నీ కావాలి. చాలామంది దగ్గర ఉండవు, పాత ఆఫీసుకి రాస్తే నెలలు పడుతుంది, ఈలోపు లిస్ట్ వచ్చేస్తుంది. ప్రతి ఆర్డర్‌నీ రిలీవింగ్ ఆర్డర్‌నీ స్కాన్ చేసి మీ మెయిల్‌కే పంపుకుని ఉంచుకోండి.

ఆఖరుగా రిటైరయ్యేవాళ్లకి, మొన్న మా ఆఫీసు నుంచి దిగిపోయిన ఒక మావయ్య గారి కోసం చూసిన లెక్క ఇది. ఆయన బరంపురంలో క్వార్టర్స్ ఖాళీ చేసి గొలంతరాలో సొంతింటికి వెళ్తున్నారు, పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. "మనకి మూడో వంతే కదరా" అని బిల్లే పెట్టనన్నారు. ఒకప్పుడు అంతే, 20 కిలోమీటర్ల లోపైతే మూడో వంతు. 2022 జనవరి 6న ఆ 20 కిలోమీటర్ల షరతు తీసేశారు, రిటైరయ్యాక నిజంగా ఇల్లు మారితే చాలు, ఆఖరి ఊళ్లోనే ఉన్నా సరే పూర్తి 80 శాతం వస్తుంది. టైమ్ కూడా వీళ్లకి 60 రోజులు కాదు, 2021 జూన్ 15 ఆర్డర్‌తో 180 రోజులు చేశారు, రిటైరైన ఏడాదిలోపు ఇల్లు మారితే సరిపోతుంది. కొత్త ఇంటి కరెంటు బిల్లు, క్వార్టర్స్ ఖాళీ చేసిన కాగితం, బ్యాంకు పాస్‌బుక్ మీద మార్చిన అడ్రస్, ఈ మూడూ తెమ్మన్నాను. సోమవారం తెస్తానన్నారు, తేకపోతే సాయంత్రం నేనే గొలంతరా వెళ్లి తెచ్చుకుంటాను.